పేస్‌మేకర్ ఉన్న మేస్త్రికి గ్రైండర్ ఇవ్వొచ్చా, లేదా?

కొత్తపేట_గుంటూరు:
ఒక ఫ్యాబ్రికేషన్ మేస్త్రి కోసం అడుగుతున్నా. ఎడమ కాలర్‌బోన్ కింద పేస్‌మేకర్ వేసి మూడు నెలలైంది. కార్డు మీద డ్యూయల్ చాంబర్ (గుండెలో రెండు గదులకి తీగలు), బైపోలార్ లీడ్స్ అని ఉంది. డాక్టరుగారు జాగ్రత్తగా పని చేసుకోమన్నారు. షెడ్డు ఓనరు వద్దంటున్నారు. ఫోరించ్ గ్రైండర్, హ్యామర్ డ్రిల్, అప్పుడప్పుడు వెల్డింగ్. ఏది పట్టొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_షెడ్:
ఏదీ పట్టకూడదు. మోటారంటేనే అయస్కాంతం. ఇందులో చర్చేముంది?

బ్రాడీపేట_బయోమెడ్:
ఉందండీ. పేస్‌మేకర్ గుండె నుంచి వచ్చే కొద్ది మిల్లీవోల్టుల సిగ్నల్‌ని వింటుంది. బయటి కరెంటు గోలని గుండె కొట్టుకోవడం అనుకుంటే, "తనే కొట్టుకుంటోందిగా" అని పల్స్ ఇవ్వడం ఆపుతుంది. గుండె సొంతంగా కొట్టుకోనివాళ్లకి అప్పుడే కళ్లు తిరుగుతాయి. బైపోలార్ లీడ్‌లో, అంటే గుండెలోకి వెళ్లే ఆ తీగలో, సిగ్నల్ వినే రెండు కొనలూ గుండెలోనే దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి బయటి గోల తక్కువ వింటుంది. డ్రిల్లు, గ్రైండర్ లాంటి వాటికి మోటారు నుంచి పేస్‌మేకర్‌కి 15 సెంటీమీటర్లు చాలు. పెట్రోల్ చైన్‌సాకి 30. కొలవాల్సింది చేతి నుంచి కాదు, మోటారు నుంచి. చేయి చాచి నడుము ఎత్తులో గ్రైండర్ పట్టినవాడికి ఆ దూరం మామూలుగానే ఉంటుంది.

ఆ దూరం పోయేది ఎక్కడంటే, హ్యామర్ డ్రిల్లుని వెనక నుంచి ఛాతీతో నొక్కే అలవాటు. గోడ గట్టిగా ఉంటే అందరూ చేసేదే. మోటారు ఏకంగా పేస్‌మేకర్ మీదకొస్తుంది. పైగా రేట్ రెస్పాన్స్ (ఒంటి కదలికని బట్టి వేగం మార్చే సెట్టింగ్) పెట్టిన పేస్‌మేకర్ ఆ అదురుని చూసి మనిషి నడుస్తున్నాడనుకుని వేగం పెంచొచ్చు.

గుణదల99:
ఫోను చొక్కా జేబులో పెట్టొద్దంటారు, గ్రైండర్ మాత్రం ఓకేనా? బాగుంది.

బ్రాడీపేట_బయోమెడ్:
జేబు సరిగ్గా పేస్‌మేకర్ పక్కనే ఉంటుంది కదండీ. ఫోనుకీ అదే 15 సెంటీమీటర్లు.

ఆటోనగర్_షెడ్:
సార్, అయస్కాంతం సంగతి తేల్చండి. ఇప్పుడొచ్చే బ్రష్‌లెస్ బ్యాటరీ డ్రిల్లుల్లో రోటరే అయస్కాంతం. దానికి సమాధానం లేదు మీ దగ్గర.

బ్రాడీపేట_బయోమెడ్:
ఉంది. సుమారు 10 గాస్ (అయస్కాంత బలానికి కొలత) తగిలితే మామూలు పేస్‌మేకర్ ఆగిపోదు. వినడం మానేసి ఒకే వేగంతో పల్స్ ఇస్తూ పోతుంది. అయస్కాంతం తీస్తే మళ్లీ మామూలే. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చే పరికరం, ఐసీడీ, అయితే వేరు, దగ్గర్లో అయస్కాంతం ఉన్నంతసేపూ షాకివ్వడం మానేస్తుంది. ఈయన కార్డు మీద ఐసీడీ అని లేదు.

ఆటోనగర్_షెడ్:
అంటే పనిచేసే తీరు మారుతుందని మీరే ఒప్పుకున్నారు.

వన్‌టౌన్_వైర్‌మ్యాన్:
ఇద్దరూ మోటారు చుట్టూనే తిరుగుతున్నారు. అసలు గండం ఎర్త్ దగ్గర. గ్రైండర్ లోపల ఇనప రజను, కార్బన్ బ్రష్ పొడి పేరుకుని బాడీకి లీకేజీ వస్తుంది. మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొడితే ఒక మెగాఓమ్ చూపించిందనుకోండి, 230 వోల్టులకి 0.23 మిల్లీఆంప్. చేతికి తెలియనైనా తెలియదు. 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (లీకేజీ వస్తే కరెంటు కట్ చేసే స్విచ్) దానికి ట్రిప్ అవ్వదు. చెమట చేతులతో ఇనప టేబుల్‌ని ఆనుకుని ఉంటే ఆ కరెంటు ఛాతీ మీదుగానే పోతుంది. అప్పుడు మీ 15 సెంటీమీటర్లు ఏం కాపాడతాయి? ఎర్త్ తగిలించాల్సిన టూల్ అయితే మూడో పిన్ను ఉండి తీరాలి. డబుల్ ఇన్సులేషన్ అయితే రెండు పిన్నులే, దానికి ఎర్త్ అక్కర్లేదు, కానీ బాడీ పగలకూడదు. ఒక మెగాఓమ్ కంటే తక్కువొస్తే ఏ టూలైనా పక్కన పడేయాలి. మార్బుల్ కట్టర్ నీళ్లు పోసుకుంటూ వాడటం ఈయనకి వద్దే వద్దు. బ్యాటరీ టూల్ అయితే ఈ గొడవే లేదు.

కొత్తపేట_గుంటూరు:
వెల్డింగ్ మాటేంటండీ?

బ్రాడీపేట_బయోమెడ్:
పేస్‌మేకర్ కంపెనీలు చెప్పే హద్దు 160 ఆంప్స్. ఆర్క్‌కీ కేబుళ్లకీ ఛాతీ 60 సెంటీమీటర్ల దూరంలో, మెషీన్ మనిషికి మీటరున్నర అవతల. పది గేజ్ రాడ్ 90 నుంచి 130లో నడుస్తుంది, పర్లేదు. లారీ ఛాసిస్‌కి వాడే ఎనిమిది గేజ్ రాడ్ 160 దాటించొచ్చు, అది మానేయాలి. ఎర్త్ క్లాంపు జాబ్‌కి ఆనించి, రెండు కేబుళ్లూ కలిపి మెలిపెట్టి నేలమీద పోనివ్వాలి. భుజాన వేసుకోకూడదు, ఎడమ భుజమైతే కేబుల్ సరిగ్గా పేస్‌మేకర్ మీదే పడుతుంది. ఇంకోటి, ట్యాక్ (ముక్కలు కదలకుండా వేసే చిన్న వెల్డింగ్ చుక్క) కొట్టేటప్పుడు టక్ టక్ మని సెకనుకొకటి కొట్టొద్దు. ఆ లయ గుండె లయలాగే ఉండి మోసం చేస్తుంది. కొన్ని సెకన్లు ఆగి ఆగి కొట్టాలి. ఒంట్లో తేడాగా అనిపిస్తే రాడ్ పారేసి దూరం జరగాలి.

ఆటోనగర్_షెడ్:
పుస్తకంలో బాగానే ఉంటుంది. పోయినేడు హెల్పర్ వేలు తెగితే ఖర్చంతా నా నెత్తినే పడింది. రేపు ఈ మేస్త్రి గ్రైండర్‌తో పాటు కూలితే మీ ఆంపులూ సెంటీమీటర్లూ స్టేషన్‌కొచ్చి సాక్ష్యం చెప్తాయా?

వన్‌టౌన్_వైర్‌మ్యాన్:
అదీ, ఇప్పుడు బయటపడ్డారు! అయస్కాంతం కాదు మీ బాధ. ఆటోనగర్‌లో ఎన్ని షెడ్లలో ప్లగ్గు లేకుండా వైర్లు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతున్నారో నాకు తెలుసు. ఎర్త్ పిట్‌లో నీళ్లు పోసి ఎన్నాళ్లైంది? దాన్ని బాగుచేయించడం కంటే మనిషిని ఇంటికి పంపడం చవక.

ఆటోనగర్_షెడ్:
నోరు అదుపులో పెట్టుకోండి. పదిహేను మందికి జీతాలిస్తున్నా.

కానూరు_టర్నర్:
పనిలో పెట్టుకోకపోతే ఆయన బయట కాంట్రాక్టర్ దగ్గర చేస్తాడు, అగ్గిపుల్లలతోనే.

బ్రాడీపేట_బయోమెడ్:
ఓనరుగారి మాటలో ఒకటి నిజం. కూలితే ఏమవుతుందన్నది అసలు ప్రశ్నే. అందుకే పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ఏ టూల్‌నీ లాక్ ఆన్‌లో పెట్టి వాడకూడదు. మన ఫోరించ్ గ్రైండర్లలో చాలావాటికి పక్కన స్లైడ్ స్విచ్, ముందుకు తోస్తే అలాగే ఉండిపోతుంది. చేయి జారినా డిస్క్ తిరుగుతూనే ఉంటుంది, నిమిషానికి 11,000 చుట్లు. ప్యాడిల్ స్విచ్చుది కొనండి, పట్టు వదిలితే పవరు పోతుంది. డ్రిల్లులో అయితే ట్రిగ్గర్ పక్కనున్న లాక్ బటన్ ముట్టుకోవద్దు. పేస్‌మేకర్ లేనివాళ్లకీ అదే మంచిది.

కొత్తపేట_గుంటూరు గారూ, ఆయన గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే నడుస్తోందా అని డాక్టరుగారిని అడిగారా? దాన్నిబట్టే అంతా. పనిలో చేరిన నెలకి చెకింగ్ చేయిస్తే, మధ్యలో గోల ఏమైనా విన్నదేమో పేస్‌మేకర్ మెమరీలోనే తెలుస్తుంది.

కొత్తపేట_గుంటూరు:
అడగలేదండీ. సోమవారం వెళ్తున్నాం, అడుగుతా.

ఆటోనగర్_షెడ్:
ఆ చెకింగ్ కాయితం తెమ్మనండి. వెల్డింగ్ ఇవ్వను, గ్రైండర్ ఇవ్వను. డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర నిలబడతానంటే చూద్దాం.

వన్‌టౌన్_వైర్‌మ్యాన్:
దానికి మూడో పిన్ను ఉందా?