అడవులను మింగుతున్నది గొడ్డలా, నాగలా?

ప్రశ్న

ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం అడవుల నరికివేతపై పాఠం సిద్ధం చేస్తున్నాను. చూసిన ప్రతి పుస్తకంలోనూ కలప, వంటచెరకు, గనులు, పట్టణాల విస్తరణ, జనాభా అంటూ కారణాలన్నీ ఒకే వరుసలో, ఒకే బరువుతో కనబడుతున్నాయి. వీటిలో దేని పాలు ఎక్కువ? నరికిన చోట మళ్ళీ మొక్కలు నాటితే నష్టం పూడినట్టేనా? అడవి పోతే వానలు తగ్గుతాయని పిల్లలకు నమ్మకంగా చెప్పాలంటే, అది ఎలా జరుగుతుందో ముందు నాకు స్పష్టంగా తెలియాలి. తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

మీ సందేహం సమంజసమైనది. చెట్లు కొట్టినా అక్కడ అడవిని తిరిగి పెరగనిస్తే అది క్షీణత; ఆ నేలను చేనుగానో, పచ్చికబయలుగానో, గనిగానో మార్చేస్తే అది నిర్మూలన. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020లో ప్రకటించిన అంచనా ప్రకారం 1990 నుంచి సుమారు 42 కోట్ల హెక్టార్ల అడవి ఇలా ఇతర అవసరాలకు మారిపోయింది. ఈ నిర్మూలనలో దాదాపు 90 శాతానికి వ్యవసాయమే కారణమని అదే సంస్థ 2021లో తేల్చింది. దక్షిణ అమెరికాలో పశువుల మేత, ఆగ్నేయాసియాలో ఆయిల్ పామ్ వంటి తోటలు, కాంగో పరీవాహక ప్రాంతంలో చిన్న కమతాల సాగు ముందు నిలుస్తాయి. కాబట్టి మీ శీర్షికకు నా జవాబు నాగలి అనే.

అలాగని గొడ్డలిని వదిలేయకూడదు, ఎందుకంటే నాగలికి దారి వేసేది అదే. అమెజాన్ ఉపగ్రహ చిత్రాలలో పెద్ద రహదారికి ఇరువైపులా చిన్న బాటలు చేప వెన్నెముకకు ముళ్ళలా చీలి ఉండటం కనిపిస్తుంది. విలువైన కొద్ది మానుల కోసం వేసిన బాట వెంట మనుషులు లోపలికి వస్తారు. మిగిలిన చెట్లను నరికి, ఎండనిచ్చి, తగలబెడతారు. బూడిద బలంతో కొన్నేళ్ళు ఏపుగా ఎదిగే గడ్డిలోకి పశువులను తోలతారు. భూమిహక్కులు తేలని చోట అడవిని చదును చేయడమే స్వాధీనానికి రుజువుగా చెల్లుబాటవుతుంది, కనుక అక్కడ పశువులు పాడి కంటే, మాంసం కంటే ముందుగా హద్దురాళ్ళ పని చేస్తాయి. పిల్లలకు జనాభా గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి తప్పక చెప్పండి. ఆకలి ఒక్కటే అడవిని నరకడం లేదు.

రెండవ సమాధానం

వానల సంగతి నేను వివరిస్తాను. వేళ్ళు లోతు నుంచి లాగిన నీరు ఆకుల రంధ్రాల ద్వారా ఆవిరై గాలిలో కలుస్తుంది. ఉష్ణమండలపు మహావృక్షం ఒక్కటే రోజుకు కొన్ని వందల లీటర్లు పంపగలదు. అట్లాంటిక్ నుంచి వచ్చే గాలులు అమెజాన్ మీద వానగా కురిసి, ఆ వానలో గణనీయమైన భాగం మళ్ళీ ఆవిరిగా లేచి, ఇంకా పడమటికి పోయి మరోసారి కురుస్తుంది. మధ్యలో అడవి తెగితే ఈ గొలుసు తెగుతుంది, దాని దెబ్బ నరికిన చోటు కంటే గాలివాలున ఎంతో దూరాన ఉన్న పొలాలకు తగులుతుంది.

నేల నష్టం ఇంతకంటే త్వరగా కనబడుతుంది. అడవిలో వంగి ఆకుచెత్తను చేత్తో పక్కకు తీస్తే, కింద సగం కుళ్ళిన ఆకులు, వాటిని అల్లుకున్న తెల్లని శిలీంధ్రపు దారాలు, సన్నని వేళ్ళు కనిపిస్తాయి. పడిన చినుకు వేగం ఆ పొరలోనే చచ్చిపోతుంది, నీరు మెల్లగా ఇంకుతుంది. పొర పోయాక అదే చినుకు మట్టిని నేరుగా కొట్టి చెదరగొడుతుంది. సన్నని రేణువులు రంధ్రాలను మూసేస్తాయి, ఇంకాల్సిన నీరు బురదై వాగు పడుతుంది. అందుకే వానాకాలంలో వరద, వేసవిలో ఎండిన ఊట ఒకే చోట కనిపిస్తాయి.

మూడవ సమాధానం

నాటడం గురించి రెండు మాటలు. వరుసలలో ఒకే జాతి మొక్కలు నాటిన తోట పచ్చగా ఉన్నంత మాత్రాన అడవి కాదు. వదిలేసిన చోట తనంతట తాను లేచే అడవిలో నేల ఒకటి రెండు దశాబ్దాలలో కోలుకున్నా, పూర్వపు జాతుల కూర్పు తిరిగి రావడానికి శతాబ్దానికి పైగా పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందువల్ల ఉన్నది నిలబెట్టుకోవడమే మొదటి పని, అది సాధ్యమే. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లు దాటిన ఏడాది నష్టం 2012 నాటికి సుమారు 4,600కు దిగింది. ఉపగ్రహ నిఘా, జరిమానాలు, అక్రమంగా నరికిన భూములకు రుణాల నిలుపుదల, కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమన్న వ్యాపారుల ఒప్పందం కలిసి ఆ పని చేశాయి. అక్కడ పంట దిగుబడి కూడా ఆ కాలంలో పడిపోలేదు. నిఘా సడలిన తరువాతి ఏళ్ళలో నరికివేత మళ్ళీ పెరిగిందని కూడా పిల్లలకు చెప్పండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాఠాన్ని కారణాల జాబితాతో కాకుండా ఆ బాటతోనే మొదలుపెడతాను. నేల సంగతిని తరగతిలో చూపించే మార్గం ఉందా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

ఉంది. రెండు పళ్ళేలలో ఒకే మట్టి నింపి, ఒకదానిపై ఎండుటాకులు దట్టంగా పరచి, రెండింటినీ ఒకే వాలులో పెట్టి, చిల్లుల డబ్బాతో సమానంగా నీళ్ళు పోయించండి. కింద జారిన నీటిని రెండు గాజు గ్లాసులలో పట్టి పక్కపక్కన పెట్టి, ఏ గ్లాసు ఏ పళ్ళెం కిందదో పిల్లలనే చెప్పమనండి.