అప్‌డేట్: పాప చెవిపోటుకి వెల్లుల్లి నూనె వెయ్యొచ్చా అని అడిగాను కదా

జలుబు తర్వాత మా నాలుగేళ్ల పాపకి చెవిపోటు వచ్చిందని, మా అత్తయ్య నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి చెవిలో చుక్కలు వెయ్యమంటున్నారని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. నూనె వెయ్యలేదు, ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాం.

ఆయన లైటు పెట్టి చూసి కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉందన్నారు. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే గొట్టం జలుబుకి మూసుకుపోయి లోపల నీరు చేరుతుందట, పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి ఈ బాధ వాళ్లకే ఎక్కువ. నొప్పి కర్ణభేరికి అవతల ఉంటే మనం పోసే నూనె అక్కడిదాకా వెళ్లదు. చిల్లు పడి ఉంటే మాత్రం వెళ్తుంది, అదే ప్రమాదం.

బరువుని బట్టి పారాసిటమాల్ ఇచ్చారు, రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే యాంటీబయాటిక్ అన్నారు కానీ అవసరం పడలేదు. అత్తయ్య మాత్రం ఊరుకోలేదు, మెత్తటి నూలు గుడ్డ మడిచి పెనం మీద వేడిచేసి, ముందు తన చెంపకి ఆనించి చూసుకుని, అప్పుడు పాప చెవి మీద కాపడం పెట్టారు. దీనికి డాక్టర్ కూడా సరే అన్నారు, పాప ఆ వెచ్చదనానికే నిద్రపోయింది.

వాము, పసుపు పాలు, గొంతు నొప్పికి ఉప్పునీళ్లు పుక్కిలించడం మా ఇంట్లో మానలేదు, మానం కూడా. ఏడాది లోపు పిల్లలకి తేనె మాత్రం నాకించకండి. చెవిలోంచి చీము కారినా, చెవి వెనక వాచినా, జ్వరం దిగకపోయినా ఇంటి వైద్యం పక్కన పెట్టి వెంటనే చూపించండి.