అమ్మకు గ్రీన్‌కార్డు ఉంది, ఇన్సూరెన్స్ సబ్సిడీ వస్తుందా?

అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లో ఉంటాం. అమ్మకు 66 ఏళ్లు. నేను సిటిజన్‌ని కాబట్టి స్పాన్సర్ చేశాను, గ్రీన్‌కార్డు వచ్చి ఏడాది దాటింది. అయిదేళ్లు నిండితే గానీ మెడికేర్ (65 దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవడానికి లేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌కీ అదే అడ్డు.

నిన్న రాత్రి అమ్మ బీపీ మాత్రను గోటితో విరిచి, సగం మళ్లీ షీటులోనే దాచడం చూశాను. అడిగితే, "తెచ్చుకున్నవి అయిపోతాయిరా" అంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఇక మిగిలింది మార్కెట్‌ప్లేస్ ప్లాన్, అంటే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా కొనుక్కునే ప్రైవేటు ఇన్సూరెన్స్. ఇదివరకు ఆదాయం లేని కొత్త గ్రీన్‌కార్డువాళ్లకు కూడా సబ్సిడీ వచ్చేది. 2026 నుంచి పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు తీసేశారు. అమ్మ పేరు మీద సంపాదన ఏమీ లేదు. నా ట్యాక్స్ రిటర్నులో డిపెండెంట్‌గా చూపిస్తే మా నలుగురి ఆదాయం లెక్కలోకి వస్తుంది కదా? అది పేదరిక రేఖకు 400 శాతం లోపే ఉంది. అలా చేసి సబ్సిడీ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇమ్మిగ్రేషన్ స్టేటస్ రుజువుకు కార్డు కాపీ ఒక్కటే సరిపోయిందా?

ఇంకో భయం కూడా ఉంది. ఐ-864 (అమ్మ పోషణ బాధ్యత నాదేనని స్పాన్సర్‌గా ఇచ్చిన హామీ పత్రం) మీద సంతకం చేశాను కాబట్టి ఆ డబ్బు నన్ను తిరిగి కట్టమంటారా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.