పీవీ లోక్‌సభకు ఎన్నిసార్లు గెలిచినట్టు? 6, 7, 8.. ఏది కరెక్టు?

లెక్కల మాస్టారు
మా పిల్లల క్విజ్ కోసం పీవీ నరసింహారావు గారి ఎన్నికల చిట్టా రాస్తున్నాను. ఒకచోట 6 అని, ఒకచోట 7 అని ఉంది. ఇంకో ఆయన 8 అని వాదిస్తున్నాడు. తెలిసినవాళ్లు తేల్చండి. ఆ ఎన్నికల్లో ఓటేసినవాళ్లు ఉంటే ఆ ముచ్చట్లు కూడా చెప్పండి.

ఓరుగల్లు పాతకాపు
మాస్టారూ, ముగ్గురూ కరెక్టే. 1977, 80లో హన్మకొండ. 84, 89లో రాంటెక్. 91 ఉప ఎన్నికలో నంద్యాల. 96లో నంద్యాల, ఒడిశాలోని బరంపురం రెండూ. గెలుపులు 7. కానీ 96లో నంద్యాల వదిలేసి బరంపురం ఉంచుకున్నారు కాబట్టి సభ్యుడిగా కూర్చున్నది 6 లోక్‌సభల్లో. 1977 నుంచి పోటీలు లెక్కేస్తే 8. ఆ ఎనిమిదోది మా దగ్గర ఓడిపోయింది. అంతకుముందు మంథని నుంచి 4 సార్లు ఎమ్మెల్యే, 1971 నుంచి 73 దాకా ముఖ్యమంత్రి. అది ఇందులో కలపకండి.

కట్ట విప్పని బ్యాలెట్
ఆ ఓటమి నా కళ్ల ముందు జరిగింది. మాది అప్పటి హన్మకొండ లోక్‌సభలో ఒక పల్లె. 1984లో నాకు 20 ఏళ్లు, ఓటుకు 21 నిండాలి (18కి తగ్గించింది 89లో). బాపుతో పాటు బూత్ దాకా వెళ్లి బయట చింతచెట్టు కింద నిలబడ్డాను. ముద్ర వేశాక కాగితాన్ని ముందు నిలువుగా మడవాలి, లేకపోతే సిరా పక్క గుర్తు మీద అచ్చు పడి ఓటు చెల్లదు. బాపు ఇంట్లో పాత పంచాంగం కాగితం మీద రెండు రోజులు ప్రాక్టీస్ చేశాడు! ఎవరికి వేశావంటే చెప్పలేదు. ఫలితం వచ్చిన రోజు మాత్రం "పెద్దమనిషి ఢిల్లీలోనే ఉండిపాయె, ఊరికి కనబడకపాయె" అన్నాడు. అర్థమైపోయింది.

గెలిచింది బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి. దేశం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చినవి రెండే సీట్లు, ఇది ఒకటి, గుజరాత్‌లో మెహసానా ఇంకొకటి. ఇందిరమ్మ హత్య తర్వాత సానుభూతి గాలి దేశమంతా వీచింది, మన రాష్ట్రంలో మాత్రం ఎన్టీఆర్ గాలి. 42లో 30 టీడీపీవే.

నల్లరేగడి
మరి రాంటెక్ ఎలా గెలిచారు? అది నాగ్‌పూర్ దగ్గర కదా?

ఓరుగల్లు పాతకాపు
తమ్ముడూ, అదే ఎన్నికలో రెండు చోట్లా వేశారు. ఆయన మరాఠీ ఆషామాషీ కాదు, ఆ భాష నుంచి నవలనే తెలుగులోకి తెచ్చిన మనిషి. దానికి తోడు అది కాంగ్రెస్‌కు గట్టి సీటు. నా లెక్కలో రెండోదే అసలు కారణం. భాష వస్తే ఓట్లు రావు, వస్తే మా దగ్గర కూడా గెలిచేవారు కదా.

నంద్యాల నుంచి
మా ఊరి రికార్డు ఎవరూ ఎత్తలేదేంటి? 1991 సాధారణ ఎన్నికల్లో ఆయన పోటీలోనే లేరు. రాజీవ్ హత్య తర్వాత జూన్ 21న ప్రధాని అయ్యారు. 6 నెలల్లో ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. గంగుల ప్రతాపరెడ్డి గారు రాజీనామా చేసి సీటిచ్చారు, నవంబరులో ఉప ఎన్నిక. మెజారిటీ 5.8 లక్షలకు పైనే. అంతకుముందు రికార్డు హాజీపూర్‌లో పాశ్వాన్‌ది, 5.04 లక్షలు. 2004లో బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో అనిల్ బసు దాటేదాకా మాదే.

కట్ట విప్పని బ్యాలెట్
అన్నా, ఆ లెక్క పక్కన ఒక చుక్క పెట్టాలి. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థినే పెట్టలేదు. బీజేపీ తరఫున బంగారు లక్ష్మణ్ నిలబడ్డారు గానీ, అక్కడ అసలు ప్రతిపక్షం బరిలోనే లేదు.

నంద్యాల నుంచి
ఒప్పుకుంటాను. ఓటు వేయకముందే ఫలితం తెలిసిన ఎన్నిక అది. నేను అప్పుడు డిగ్రీ ఫస్టియర్, మొదటి ఓటు. లైన్లో నా ముందున్న ముసలాయన "మనం వేసినా వేయకున్నా గెలుస్తాడు, ప్రధానమంత్రికి ఓటేసినామని చెప్పుకోడానికన్నా ఒచ్చినా" అన్నాడు. తర్వాత మా వీధి కాలువ గురించి అందరం సంతకాలు పెట్టి ఒక అర్జీ పంపాం, ఎంపీ అంటే సాక్షాత్తూ ప్రధాని కదా అని. జవాబు లేదు. 96లో టీడీపీ నుంచి భూమా నాగిరెడ్డి దిగేసరికి ఆ మెజారిటీ లక్ష లోపుకు పడిపోయింది. పీవీ గారు సీటు వదిలాక ఉప ఎన్నికలో భూమాయే గెలిచారు.

లెక్కల మాస్టారు
చాలా థాంక్స్. మరి 98లో?

ఓరుగల్లు పాతకాపు
సొంత పార్టీ టికెట్టే ఇవ్వలేదు. చిట్టా అక్కడితో ఆగిపోయింది. భారతరత్న ఇచ్చింది 2024లో, చనిపోయిన 20 ఏళ్లకు.

నల్లరేగడి
నంద్యాలకు ఇంకో విశేషం కూడా ఉంది. 1977లో మన రాష్ట్రంలో 42కి 41 కాంగ్రెస్ గెలిస్తే, జనతా పార్టీకి దక్కిన ఆ ఒక్కటి నంద్యాలే, నీలం సంజీవరెడ్డి గారు. అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. క్విజ్‌లో ఇది పెట్టండి మాస్టారూ, పిల్లలు తల గోక్కుంటారు.

లెక్కల మాస్టారు
పెట్టేశాను. గెలుపుల ప్రశ్నను మాత్రం "ఎన్ని లోక్‌సభల్లో సభ్యుడు" అని మార్చాను, జవాబు 6. లేకపోతే పేరెంట్స్ నాతో గొడవకు వస్తారు.

కట్ట విప్పని బ్యాలెట్
మా హన్మకొండ లోక్‌సభ సీటు ఎక్కడుందో మ్యాప్‌లో చూపించమని మాత్రం అడగకండి సార్. పునర్విభజనలో 2009 ఎన్నికల నుంచి ఆ పేరే తీసేశారు.