అప్‌డేట్: వార్డులో బుర్ర ఖాళీ అవుతోందని అడిగాను కదా
పోయిన నెల అడిగింది నేనే. నల్గొండలో బీఎస్సీ నర్సింగ్, థియరీలో మంచి మార్కులు, పేషెంట్ ముందుకెళ్తే ఏమీ గుర్తురాదు అని. "ప్రతి లక్షణానికీ ఎందుకు అని అడుగు" అన్నారొకరు. అదే పట్టుకున్నా.

మొన్న దేవరకొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, షుగర్ పేషెంట్. ఇన్సులిన్ పడింది, టిఫిన్ ముట్టలేదు. చెమటలు, వణుకు, మాట తడబాటు. ఎండ దెబ్బ అనుకున్నారు ఇంట్లోవాళ్లు. నాకు టక్కున వెలిగింది: తినకుండా ఇన్సులిన్ పడితే షుగర్ పడిపోతుంది కదా అని. సిస్టర్‌కి చెప్పి గ్లూకోమీటర్‌తో రక్తంలో షుగర్ చూస్తే 54 mg/dL. 70 కంటే తగ్గితే లో షుగరే. స్పృహలో ఉన్నాడు, మింగగలడు కాబట్టి 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాం. 15 నిమిషాలకు 88. "బిడ్డా, ఇంత బువ్వ పెట్టరాదు" అన్నాడు!

చార్టులో టైమ్ రాయలేదని తిట్లు తిన్నాననుకోండి, అది వేరే సంగతి. ఐవీ (సెలైన్ ఎక్కించడానికి నరంలోకి సూది) పెట్టాలంటే మాత్రం ఇంకా టెన్షనే.