బల్బులు పంచాం సరే, కరెంటు ఎంత తగ్గినట్టు?

సందేహం: మా సంస్థ తరఫున తక్కువ ఆదాయం ఉన్న 200 ఇళ్లకు ఎల్‌ఈడీ బల్బులు, కరెంటు తక్కువ తినే ఫ్యాన్లు ఇచ్చాం. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెడితే, రోజుకు 5 గంటల చొప్పున ఏడాదికి బల్బుకు 93 యూనిట్లు మిగులుతాయని రిపోర్టులో రాశాను. బిల్లులు చూస్తే అంత తగ్గలేదు. కొన్ని ఇళ్లలో పెరిగింది కూడా! నిధులిచ్చినవాళ్లు వచ్చే వారం అడుగుతారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: మీ గుణకారంలో తప్పు లేదండీ. తీసేసింది 60 వాట్లదేనని ఎవరు చూశారు? అక్కడ అప్పటికే 14 వాట్ల సీఎఫ్‌ఎల్ ఉంటే మిగిలేది ఏడాదికి 9 యూనిట్లే. ఒక 20 ఇళ్లకు వెళ్లి రండి. నేను వెళ్లినప్పుడు ఒక ఇంట్లో కొత్త బల్బు డబ్బాతో సహా అలమరలో ఉంది, పాతది పోయాక పెడదామని! ఇంకో ఇంట్లో తీసేసిన పాత బల్బు వెనకవైపు వసారాలో వెలుగుతోంది.

జవాబు 2: ఇది మీ ఒక్కరి సమస్య కాదు. అమెరికాలోని మిషిగన్‌లో పేద కుటుంబాల ఇళ్లకు చలి చొరబడకుండా మరమ్మతులు చేసే పథకాన్ని ఫౌలీ, గ్రీన్‌స్టోన్, వుల్‌ఫ్రమ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఇంజినీర్ల అంచనా అసలు ఆదాకు మూడు రెట్ల కంటే ఎక్కువగా తేలింది.

బిల్లు పెరిగిన ఇళ్లను మాత్రం తొందరపడి ఫెయిల్ అనకండి. బిల్లుకు భయపడి రాత్రి రెండు గంటలే ఫ్యాన్ వేసుకున్నవాళ్లు ఇప్పుడు తెల్లార్లూ వేసుకుంటున్నారేమో. యూనిట్లు మిగల్లేదు గానీ నిద్ర పట్టింది. దాన్నీ అడిగి విడిగా రాయండి.

అడిగినవారు: నిజమే, ఇది తట్టలేదు. ముందు ఏడాది బిల్లులతో పోలిస్తే సరిపోతుందా?

జవాబు 2: చాలదండీ. ఈసారి ఎండలు ఎక్కువైతే అందరి బిల్లూ పెరుగుతుంది. ఏమీ ఇవ్వని ఇళ్ల బిల్లులు కూడా అవే నెలలవి కావాలి. రెండో విడతకు పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్ల అనుమతితో 12 నెలల బిల్లులు తీసుకోండి. అటూ ఇటూ వచ్చిన మార్పుల మధ్య తేడానే మీ ఆదా.

అడిగినవారు: 70 కుటుంబాలున్నాయి. రేపే ఫోన్లు చేస్తాను.