మిర్చికి అఫ్లాటాక్సిన్ స్ట్రిప్ టెస్ట్ నమ్మొచ్చా?

కారంమిల్లు_గుంటూరు:
మాది చిన్న కారం మిల్లు అండి, యార్డులో తేజ, 334 రకాల మిర్చి కొని ఆడిస్తాం, ఇప్పుడు జర్మనీ పార్టీ ఒకాయన అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) రిపోర్ట్ లేందే సరుకు ఎత్తనంటున్నాడు. ప్రతి లాటూ ల్యాబ్‌కి పంపి కూర్చుంటే ఈలోపు కాయ వేరేవాళ్ళు పాడేసుకుంటున్నారు. ప్రెగ్నెన్సీ కిట్ లాంటి స్ట్రిప్పులు ఉన్నాయంట కదా, వాటితో చూసుకుని కొనొచ్చా?

బెజవాడ_బుల్లోడు:
స్ట్రిప్పులెందుకన్నా, యూవీ టార్చ్ కొనుక్కో, బూజుంటే మెరిసిద్ది. మా మావయ్యోళ్ళు మొక్కజొన్నకి అదే వాడతారు.

ల్యాబ్_బాబాయ్:
టార్చ్ సంగతి వదిలెయ్ తమ్ముడూ. మొక్కజొన్నలో ఆ పచ్చ మెరుపు టాక్సిన్‌ది కాదు, ఆ బూజే తయారుచేసే కోజిక్ యాసిడ్ వల్ల వచ్చేది, మెరిసినా విషం లేకపోవచ్చు, మెరవకపోయినా ఉండొచ్చు.

మిల్లు వారూ, స్ట్రిప్ వాడొచ్చు, కాకపోతే గీత చదవడం తిరకాసు. ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండో గీత వస్తే పాజిటివ్, ఇక్కడ టెస్ట్ గీత ముదురుగా వస్తేనే సరుకు మంచిది, మాయమైతే లిమిట్ దాటినట్టు. శాంపిల్‌లో టాక్సిన్ ఉంటే, స్ట్రిప్‌లో దానికి అతుక్కునే యాంటీబాడీని ముందే అదే పట్టేసుకుంటది, ఇక గీత దగ్గరికి ఏం మిగలదు. కంట్రోల్ గీత (స్ట్రిప్ పనిచేస్తోందని చూపే గీత) రాలేదా, ఆ స్ట్రిప్ చెత్తబుట్టలోకే.

మిర్చితో ఇంకో తలనొప్పి రంగు. మెథనాల్ కలిపిన నీళ్ళలో పొడి వేసి కుదిపి వడకడితే ఎర్రగా దిగుద్ది, ఆ ఎరుపులో గీత సరిగ్గా తెలీదు. అందుకే వేరుశనక్కాయల కిట్ అంటగడితే తీసుకోకండి, మిర్చికి పరీక్షించి చూసిన కిట్టే అడగండి.

ఏసీ_కాయ:
కిట్ ఏదైనా శాంపిల్ సరిగ్గా తియ్యకపోతే దండగ. టిక్కీ (మిర్చి బస్తా) పైన నాలుగు కాయలు తీసి టెస్ట్ చేస్తే ఏం తెలుసుద్ది, బూజు లాటంతా సమానంగా ఉండదుగా. పైకి నిగనిగలాడే కాయ కూడా చీల్చి చూస్తే గింజల దగ్గర నల్లగా ఉంటది. చాలా టిక్కీల్లోంచి, పైనా మధ్యా అడుగునా గుప్పెడు గుప్పెడు తీసి, అంతా కలిపి మెత్తగా ఆడించి అప్పుడు తూచండి. ఇక బరువు కోసమో కాయ విరక్కుండానో నీళ్ళు కొట్టిన సరుకైతే టెస్ట్ కూడా దండగే, తేమ 11 శాతం దాటితే నేనైతే ముట్టుకోను.

కారంమిల్లు_గుంటూరు:
థాంక్స్ అండి. షాపులో చూపించిన కిట్ 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 20) కటాఫ్ అన్నాడు, సరిపోద్దా?

ల్యాబ్_బాబాయ్:
జర్మనీకా? సరిపోదు. యూరప్‌లో మిర్చికి బీ1 అనే అఫ్లాటాక్సిన్ రకం 5, అన్ని రకాలూ కలిపి 10 పీపీబీ, మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మొత్తం 30 దాకా ఒప్పుకుంటది. మీ స్ట్రిప్‌లో పాసైన 15 పీపీబీ సరుకు అక్కడ పోర్టులో ఆగిపోద్ది. రీడర్‌లో పెడితే నంబర్ చూపించే రకం తీసుకోండి, అదీ కొనేటప్పుడు ఏరుకోడానికే, పంపేముందు హెచ్‌పీఎల్‌సీ (ల్యాబ్ మెషీన్ మీద చేసే కచ్చితమైన పరీక్ష) రిపోర్ట్ తప్పదు, గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉందిగా. పాత రిపోర్ట్ ఉన్న పొడి కాస్త మిగిలుంటే కిట్ కొనేముందు దాని మీద వేసి చూడండి, నంబర్ దగ్గర్లో రాకపోతే వాపస్ ఇచ్చెయ్యండి.